ఒకే లైటు, రెండు అలారాలు: మా రౌటర్ల హార్డ్‌వేర్ తనిఖీ డైరీ

మార్చి 8, శనివారం

బెంగళూరు మారతహళ్లిలో ఒక పాత భవనం రెండో అంతస్తు. మూడు ర్యాకులు, రెండు స్ప్లిట్ ఏసీలు, రెండు యూపీఎస్‌లు. చుట్టుపక్కల పీజీ హాస్టళ్లకు, అపార్టుమెంట్లకు, చిన్న ఆఫీసులకు మేమిచ్చే ఇంటర్నెట్ ఈ గది నుంచే వెళ్తుంది. నేను ఇక్కడ చేరి పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలూ ప్రధాన రౌటర్ ముందు ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

చేరిన మొదటి వారంలోనే అడిగాను. "అది ఎప్పుడూ అంతే అక్కా, మేనేజ్‌మెంట్ పోర్టుకు కేబుల్ పెట్టలేదు కదా, అందుకు" అన్నాడు హిందూపురం నుంచి వచ్చిన మా ఫీల్డ్ టెక్నీషియన్. అతను చెప్పింది నిజమే. జూనోస్ (జూనిపర్ సంస్థ సాఫ్ట్‌వేర్) నడిచే రౌటర్లలో ఎఫ్‌ఎక్స్‌పీ జీరో అనే మేనేజ్‌మెంట్ పోర్టుకు లింకు లేకపోతే మొదటి నుంచీ అది మేజర్ అలారమే. మేజర్ అంటే ఎర్ర లైటు.

ఈ ఉదయం వేరే పని మీద లాగిన్ అయి, అలవాటు లేకపోయినా, 'షో ఛాసిస్ అలారమ్స్' అని కొట్టాను. ఒక వరుస వస్తుందనుకుంటే రెండు వచ్చాయి. మొదటిది మాకు తెలిసిన మేనేజ్‌మెంట్ పోర్టు. రెండోది 'మేజర్, పీఈఎం 1 నాట్ ఓకే'. పీఈఎం అంటే పవర్ సప్లై, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 1 అంటే రెండోది. దాని పక్కన ఉన్న తేదీ ఫిబ్రవరి 17.

పంతొమ్మిది రోజులు. ఈ పంతొమ్మిది రోజులూ మా ప్రధాన రౌటర్ ఒక్క పవర్ సప్లై మీదే నడిచింది. ఆ ఒక్కటి కట్టి ఉన్న యూపీఎస్ ఒక్కసారి మొరాయించి ఉంటే మొత్తం ఆగిపోయేది. ఇది సెకండ్ పీయూసీ (కర్ణాటకలో ఇంటర్ రెండో ఏడాది) పరీక్షలు జరుగుతున్న నెల. మా లైన్ల మీద ఎంతమంది పిల్లలు చదువుకుంటున్నారో నాకు తెలుసు. అందుకే ఆ తేదీ చూసినప్పుడు కడుపులో చల్లబడింది.

ర్యాక్ వెనక్కి వెళ్లి చూస్తే, రెండో సప్లై మీద 'ఏసీ ఓకే' లైటు ఆరిపోయి ఉంది. పని రిజిస్టరు తిరగేస్తే ఫిబ్రవరి 17న యూపీఎస్ బ్యాటరీలు మార్చారు. చెయ్యి పెట్టడానికి చోటు కోసం ప్లగ్గు లాగి, తిరిగి సగమే దూర్చారు. టెక్నీషియన్ దాన్ని బలంగా నొక్కాడు. 'ఏసీ ఓకే', 'డీసీ ఓకే' రెండూ వెలిగాయి. జాబితాలో మళ్లీ ఒక్క వరుసే మిగిలింది.

ముందు ప్యానెల్ దగ్గరకు వచ్చి చూశాను. ఎర్ర లైటు నిన్న ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఒక అలారం ఉన్నా అదే ఎరుపు, రెండున్నా అదే ఎరుపు. పవర్ సప్లై పోయిన రోజున ఆ లైటులో ఏ మార్పూ లేదు, తిరిగి వచ్చిన రోజునా లేదు. దాన్ని రోజూ చూస్తూ దాటిపోయిన వాళ్లలో నేనూ ఉన్నాను.

మేనేజర్ గారికి రాసి పంపాను: మూడు వారాలు ఇవ్వండి, మన పదకొండు రౌటర్ల హార్డ్‌వేర్ అలారాలనూ చూసే ఏర్పాటు నేను చేస్తాను. సాయంత్రానికి సరే అన్నారు.

మార్చి 9, ఆదివారం

సెలవు రోజే అయినా కాగితం మీద గీసుకుంటూ కూర్చున్నాను. అసలు రౌటర్ తన ఒంట్లో బాగాలేదని ఎన్ని రకాలుగా చెబుతుంది? ముందు ప్యానెల్ మీద లైట్లు. లాగిన్ అయితే జాబితా. తనంతట తాను పంపే ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్కు పరికరాల స్థితి తెలుసుకునే పద్ధతి) ట్రాప్, అంటే హెచ్చరిక సందేశం. మనం అడిగితే చెప్పే ఎస్‌ఎన్‌ఎంపీ విలువలు. లాగ్ సందేశాలు. పెద్ద రౌటర్లలో అయితే ప్యానెల్ మీదే రిలే కాంటాక్టులు కూడా ఉంటాయి, అలారం వస్తే ఒక స్విచ్చులాగా మూసుకుంటాయి. ఇన్ని నోళ్లున్న యంత్రం మా గదిలో పంతొమ్మిది రోజులు చెబుతూనే ఉంది.

రెండు కమాండ్లను వేరుగా గుర్తుపెట్టుకోవాలి. 'షో ఛాసిస్ అలారమ్స్' ఫ్యాన్లు, పవర్, ఉష్ణోగ్రత, కార్డులు వంటి వాటికి. 'షో సిస్టమ్ అలారమ్స్' సాఫ్ట్‌వేర్ వైపు. అక్కడ మా రౌటర్లలో ఏడింటికి ఒకటే మైనర్ వరుస కనబడింది: రెస్క్యూ కాన్ఫిగరేషన్ సెట్ చేయలేదని. 'రిక్వెస్ట్ సిస్టమ్ కాన్ఫిగరేషన్ రెస్క్యూ సేవ్' అంటే పోతుంది. అయితే నోరు మూయించడానికి మాత్రమే ఆ కమాండ్ కొట్టకూడదు. ఆ క్షణాన ఉన్న కాన్ఫిగరేషన్‌నే అది ఆపద్ధర్మ కాపీగా దాచుకుంటుంది. కాబట్టి ఒక్కో రౌటర్ కాన్ఫిగరేషన్ చదివి, సరిగ్గా ఉందని నమ్మాకే సేవ్ చేశాను. ఏడింటికి మధ్యాహ్నమంతా పట్టింది.

మార్చి 11, మంగళవారం

ఒక రాస్ప్‌బెరీ పై బోర్డు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), దాని మీద పైథాన్ ప్రోగ్రాం. ముందు ఎస్‌ఎన్‌ఎంపీతో మొదలుపెట్టాను.

జూనోస్ రౌటర్లలో అలారాల కోసం ఒక చిన్న పట్టిక ఉంది, జూనిపర్ సంస్థకు కేటాయించిన సంఖ్య 2636 కింద. ఎరుపుకు ఒక స్థితి, ఒక లెక్క. పసుపుకు ఒక స్థితి, ఒక లెక్క. స్థితి విలువ 2 అయితే అలారం లేదు, 3 అయితే ఉంది. చాలామంది ఈ స్థితిని మాత్రమే తీసుకుని డ్యాష్‌బోర్డు మీద పెడతారు. మా పాత మానిటరింగ్‌లో కూడా ఎవరో అంతే చేసి, అది ఎప్పుడూ ఎర్రగా ఉంటోందని తర్వాత తీసేశారు. వెలిగిన లైటును ఫోటో తీసి తెర మీద పెట్టడంతో సమానం అది. స్థితి 3గానే ఉంటుంది. మారేది లెక్క. ఫిబ్రవరి 17న మా ఎరుపు లెక్క 1 నుంచి 2 అయి ఉంటుంది. ఎవరూ అడగలేదు.

లెక్క మారితే ఏం మారిందో తెలియాలి కదా. అందుకోసం లెక్కను నిమిషానికోసారి అడిగి, అది కదిలినప్పుడు నెట్‌కాన్ఫ్ ద్వారా పూర్తి జాబితా తెచ్చుకునేలా రాశాను. నెట్‌కాన్ఫ్ పోర్టు 830 మీద ఎస్‌ఎస్‌హెచ్‌లో నడుస్తుంది, తెర మీద కనిపించే వరుసలనే ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఇస్తుంది: సమయం, తరగతి, వివరణ విడివిడిగా. తెర మీది అక్షరాలను కోసి ఏరుకునే పని ఉండదు.

ఒక చిక్కు రాత్రి పడుకోబోతుంటే తట్టింది. ఒకే నిమిషంలో ఒక అలారం పోయి ఇంకొకటి వస్తే లెక్క మారదు. లేచి మార్చాను: లెక్క కదిలినా కదలకపోయినా ఐదు నిమిషాలకోసారి పూర్తి జాబితా. పాత జాబితాలో లేనిది కొత్త అలారం, కొత్త జాబితాలో లేనిది పోయిన అలారం.

మార్చి 12, బుధవారం

అనంతపురం నుంచి వచ్చి మా దగ్గర రాత్రి షిఫ్టు చూసే తమ్ముడు అడిగాడు: "ట్రాప్‌లు ఉన్నాయి కదా అక్కా, మనం పదే పదే అడగడమెందుకు? దానికి ఏదైనా అయితే అదే చెబుతుంది." మంచి ప్రశ్న. జవాబు మాటల్లో కాకుండా చేసి చూపించాలనుకున్నాను.

ట్రాప్ యూడీపీ మీద, పోర్టు 162కి వెళ్తుంది. చేరిందో లేదో పంపినవాడికి తెలియదు. ల్యాబ్‌లో ఉన్న పాత రౌటర్‌కు ఒక సప్లై పీకి, అదే క్షణంలో బయటికి వెళ్లే లింకును కూడా లాగాను. కరెంటు సమస్యల్లో సరిగ్గా ఇలాగే జరుగుతుంది, పవర్ సప్లైతో పాటు పక్క స్విచ్చు కూడా పోతుంది. లింకు తిరిగి వచ్చాక పది నిమిషాలు చూశాం. ట్రాప్ రాలేదు, ఇక రాదు. రసీదు అడిగే ఇన్‌ఫార్మ్ అనే పద్ధతి ఉంది, వాడతాం. అయినా మనం వెళ్లి అడగడం మానకూడదు. ట్రాప్ వార్త తొందరగా తెస్తుంది. అడగడం వల్ల నిజం తేలుతుంది. రెండూ ఉంచాను. తమ్ముడు ఆ ప్రయోగం వివరాలు షిఫ్టు నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

మార్చి 15, శనివారం

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ముఖ్యమైన తప్పు ఈ రోజు బయటపడింది, అదీ నా ప్రోగ్రాంలోనే.

ఉదయం తొమ్మిదింటికి హొస్కోటె వైపున్న రౌటర్ అలారం పోయిందని సందేశం వచ్చింది. నిన్నటి నుంచీ అక్కడ ఒక ఫ్యాన్ అలారం ఉంది, మనిషిని పంపాలి. ఎవరూ వెళ్లకుండా ఫ్యాన్ ఎలా బాగైంది? లాగిన్ అవుదామంటే రౌటర్ అందలేదు. దారిలో ఫైబర్ తెగింది. రౌటర్ జవాబివ్వలేదు, నా ప్రోగ్రాం ఖాళీ జాబితా అందుకుంది, ఖాళీ అంటే అలారాలు లేవని లెక్కేసింది, అంతా బాగుందని చెప్పింది.

కోపం, భయం రెండూ వచ్చాయి. ఎర్ర లైటు వెలుగుతూ ఉండి ఏమీ చెప్పకపోవడం ఒక రకం ప్రమాదం. ఏమీ వినబడకపోతే బాగుందని మనమే అనుకోవడం అంతకంటే పెద్దది. అడిగిన ప్రశ్నకు జవాబు రానిచోట మనమే జవాబు రాసేసుకోకూడదు.

మధ్యాహ్నం భోజనం పక్కనపెట్టి తిరగరాశాను. ఇప్పుడు ప్రతి రౌటర్‌కూ మూడు స్థితులు: అలారం ఉంది, లేదు, తెలియదు. మూడుసార్లు వరుసగా జవాబు రాకపోతే 'తెలియదు'. తెలియని స్థితిలో పాత అలారాలు ఏవీ పోయినట్లు లెక్క కాదు, చివరిసారి చూసిన సమయంతో అలాగే నిలుస్తాయి. తెర మీద దానికి బూడిద రంగు ఇచ్చాను. ఆకుపచ్చకు దగ్గరగా ఉండే ఏ రంగూ వద్దనుకున్నాను.

ఫైబర్ సాయంత్రం అతికించారు. ఫ్యాన్ అలారం అక్కడే ఉంది.

మార్చి 16, ఆదివారం

మొదటి తగువు తీర్చాల్సిన రోజు: మేనేజ్‌మెంట్ పోర్టు ఎరుపు. సులువైన దారి ఉంది. ఛాసిస్ అలారం కింద మేనేజ్‌మెంట్ ఈథర్‌నెట్ లింక్ డౌన్‌ను 'ఇగ్నోర్' అని పెడితే లైటు ఆరిపోతుంది. పెద్దాయన, మా సీనియర్ సార్, "అది పెట్టేస్తే అయిపోతుంది కదమ్మా" అన్నారు. మేనేజ్‌మెంట్ నెట్‌వర్కే లేని చోట్ల అది సరైన పనే, నాలుగు చిన్న రౌటర్లకు అలాగే చేశాను, ఎందుకు చేశామో కాన్ఫిగరేషన్‌లోనే వ్యాఖ్యగా రాశాను.

కానీ ప్రధాన రౌటర్ విషయంలో ఆయనతో ఒప్పుకోలేదు. ఆ పోర్టు ఖాళీగా ఉండటమే అసలు లోపం. రేపు ప్రధాన లింకులు పోతే రౌటర్‌లోకి వెళ్లే వేరే దారి మాకు లేదు. అలారం పద్నాలుగు నెలలుగా అడుగుతున్నది అదే. ఒక చిన్న స్విచ్చు, వేరే సంస్థ నుంచి తీసుకున్న ఒక బ్రాడ్‌బ్యాండ్ లైను, మూడు మీటర్ల కేబుల్. మధ్యాహ్నం రెండున్నరకు కేబుల్ పెట్టగానే ప్యానెల్ మీద ఎరుపు ఆరింది. సార్ కూడా వచ్చి చూశారు. కాసేపు మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ ప్యానెల్ అలా చీకటిగా ఉండటం నేను చూడడం అదే మొదటిసారి.

మార్చి 19, బుధవారం

అలారాలు లేవు. అయినా ప్రధాన రౌటర్ ఫ్యాన్లు మధ్యాహ్నం పూట గట్టిగా అరుస్తున్నాయి.

'షో ఛాసిస్ ఎన్విరాన్‌మెంట్' చూస్తే గాలి బయటికి వచ్చే వైపు 57 డిగ్రీలు, ఫ్యాన్లు హై స్పీడులో. హద్దుల పట్టిక వేరే కమాండ్‌లో ఉంటుంది: 'షో ఛాసిస్ టెంపరేచర్ థ్రెషోల్డ్స్'. మా రౌటర్‌లో ఛాసిస్‌కు ఉన్న హద్దులు ఇవి. 48 వరకు ఫ్యాన్లు మామూలు వేగం, 54 దగ్గర పూర్తి వేగం. పసుపు అలారం 65 దగ్గర, ఎరుపు 75 దగ్గర, 100 దగ్గర తనంతట తానే ఆగిపోతుంది. ఈ పట్టికలో నాకు బాగా నచ్చింది 'బ్యాడ్ ఫ్యాన్' అనే గడి. ఒక ఫ్యాన్ పాడైతే పసుపు హద్దు 65 నుంచి 55కి, ఎరుపు హద్దు 75 నుంచి 65కి దిగుతుంది. చల్లబరిచే శక్తి తగ్గింది కాబట్టి ముందే హెచ్చరించాలని ఆ పట్టిక రాసిన ఇంజనీర్లు అనుకున్నారు. మనం ముక్కూమొహం ఎరుగని ఎవరో మన గది గురించి ఇంత ఆలోచించారు.

దాన్నిబట్టి చూస్తే మా పరిస్థితి ఇది: ఈ 57 డిగ్రీల దగ్గర ఒక్క ఫ్యాన్ పోతే అదే క్షణంలో పసుపు వచ్చేస్తుంది, ఎరుపుకు ఎనిమిది డిగ్రీలే మిగులుతాయి. మార్చిలోనే ఇలా ఉంటే బెంగళూరులో ఏప్రిల్ ఉంది ముందు. ఏసీ రిమోట్ 24 చూపిస్తోంది. రౌటర్ గాలి పీల్చే చోట థర్మామీటర్ పెడితే 31. యంత్రాల గదులకు ఆష్రే సంస్థ సూచించే హద్దు 18 నుంచి 27. అది గది మధ్యలో గాలికి కాదు, పరికరం పీల్చే గాలికి. మా రౌటర్ పక్క నుంచి పీల్చి ఇంకో పక్కకు వదిలే రకం, దాని పీల్చే వైపు పక్క ర్యాక్‌లోని సర్వర్ల వేడి తగులుతోంది. ర్యాక్ ఖాళీ చోట్ల మూతలు బిగించాం, మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టాం.

తర్వాత ఫిల్టర్ తీశాం. ఆరు నెలలకోసారి మార్చాల్సిన ఫిల్టర్. బయటి రింగ్ రోడ్డు మీద మెట్రో పనుల దుమ్ము ఎర్రమట్టి అట్టలా పేరుకుంది, అది ఊహించిందే. ఊహించనిది, ఆ దుమ్ములో ఇరుక్కున్న ఎండిన బంతిపూల రేకులు. దోసిలి నిండా వచ్చాయి. అక్టోబరులో ఆయుధపూజకు ర్యాకులన్నిటికీ కుంకుమ పెట్టి, ఈ రౌటర్‌కు బారెడు బంతి దండ వేశాం. దండ పక్కకు జారి, గాలి పీల్చే జాలీ మీదే వేలాడింది. యంత్రం తనకు కట్టిన పూలను ఐదు నెలలుగా కొంచెం కొంచెంగా లోపలికి లాక్కుంది.

టెక్నీషియన్ ముఖం చిన్నబోయింది. దండ వేసింది అతనే, ఎంతో భక్తిగా వేశాడు. "పూజ తప్పు కాదు తమ్ముడూ, దండ వేసిన చోటే తప్పు" అన్నాను. అది ఓదార్పుకు చెప్పిన మాట కాదు, నిజంగా అలాగే అనుకుంటాను. తన చేతికింద పనిచేసే యంత్రానికి దండం పెట్టే మనిషి దాని ఫిల్టర్ కూడా బాగా చూసుకుంటాడు.

కొత్త ఫిల్టర్ వేశాక గంటకు 46. ఫ్యాన్లు తగ్గాయి. గదిలో మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. ఇక నుంచి అలారాలే కాదు, ఉష్ణోగ్రతలూ ఫ్యాన్ వేగాలూ ఐదు నిమిషాలకోసారి నమోదు చేస్తున్నాను. 65 దాకా ఆగితే అలారం వస్తుంది, కానీ 46 నుంచి 57కి ఎక్కిన ఐదు నెలల దారి అలారంలో కనబడదు.

మార్చి 20, గురువారం

సిస్కో రౌటర్లు మూడింటిని కలిపాను. ఒక్క మాట రాసిపెట్టుకోవాలి. జూనోస్‌లో 3 అంటే అలారం ఉంది. సిస్కో పర్యావరణ పట్టికలో 1 నార్మల్, 2 వార్నింగ్, 3 క్రిటికల్, 4 షట్‌డౌన్, 5 అసలు లేదు, 6 పనిచేయడం లేదు. అంకె పెరిగితే ప్రమాదం పెరుగుతుందనుకుని పోలిస్తే ఖాళీ స్లాట్ కూడా క్రిటికల్ కంటే పెద్దదైపోతుంది. అంకెలను పోల్చకుండా ఒక్కో విలువకు విడిగా అర్థం రాశాను.

మార్చి 23, ఆదివారం, తెల్లవారుజాము

మెయింటెనెన్స్ సమయం రెండు నుంచి నాలుగు వరకు. ముందు రెండు సప్లైలూ బాగున్నాయని, ఒక్కటే మొత్తం భారం మోయగలదని చూసుకున్నాను. చేతికి ఈఎస్‌డీ పట్టీ (ఒంట్లోని స్థిర విద్యుత్తు యంత్రానికి తగలకుండా) కట్టుకుని, ప్రధాన రౌటర్ రెండో సప్లై కేబుల్ మేమే పీకాం. ఫిబ్రవరి 17ను మళ్లీ జరిపించాం, ఈసారి చూస్తూ.

ట్రాప్ రెండు సెకన్లలో వచ్చింది. నలభై సెకన్లకు మా ప్రోగ్రాం అడిగి తెలుసుకున్న లెక్క వచ్చింది, వెంటనే పూర్తి వరుస: ఏ సప్లై, ఎప్పటి నుంచి. రాత్రి షిఫ్టు తమ్ముడి ఫోన్ మోగింది, అతను కాల్ చేసి "పీఈఎం 1 అక్కా, ప్రధాన రౌటర్" అని చదివాడు. ఆ ఒక్క వాక్యం కోసమే ఇన్ని రోజులు. కేబుల్ పెట్టాం. పోయిందన్న సందేశం కూడా సరిగ్గా వచ్చింది.

తర్వాత రెండో పరీక్ష: ట్రాప్‌లు ఆపి మళ్లీ పీకాం. యాభై రెండు సెకన్లు. మూడోది: రాస్ప్‌బెరీ పై బోర్డు కరెంటే తీసేశాం. ఏమీ రాలేదు. కాపలాదారుకు కాపలా లేదు. ఇప్పుడు ఆఫీసులోని ఇంకో కంప్యూటర్ ఈ బోర్డును నిమిషానికోసారి పలకరిస్తుంది, మూడుసార్లు పలకకపోతే తనే ఫోన్ చేస్తుంది.

మార్చి 29, శనివారం

తెలిసిన అలారాల గురించి మాలో మేం పెట్టుకున్న పద్ధతి ఇంతకుముందే అమల్లోకి వచ్చింది, ఈ రోజు రాసిపెడుతున్నాను. ఏ అలారాన్నీ 'తెలుసు, ఉండనీ' అని వదిలేయడానికి వీల్లేదు. ఆపి ఉంచాలంటే ఒక మనిషి పేరు, ఒక కారణం, గరిష్ఠంగా ఏడు రోజుల గడువు. గడువు దాటితే మళ్లీ మోగుతుంది. సీనియర్ సార్ ఏడు చాలదన్నారు, ముప్పై అడిగారు. పంతొమ్మిది అన్న అంకె గుర్తుచేశాను. ఒప్పుకున్నారు. హొస్కోటె ఫ్యాన్ మొదటి పరీక్ష అయింది: విడిభాగం రావడం ఆలస్యమై ఏడో రోజున మోగింది, ఎనిమిదో రోజున మనిషి వెళ్లి ట్రే మార్చి వచ్చాడు.

నెట్‌వర్కు మీద ఏమాత్రం ఆధారపడని హెచ్చరిక ఒకటైనా ఉండాలని ప్రధాన రౌటర్ ప్యానెల్ మీది ఎరుపు రిలేకు పన్నెండు వోల్టుల బజర్ ఒకటి కట్టాం, దానికి సొంత బ్యాటరీ. మామూలుగా తెరిచి ఉండే కాంటాక్టు, అలారం వస్తే మూసుకుంటుంది. ప్యానెల్ మీది ఏసీఓ (అలారం కటాఫ్) బటన్ నొక్కితే బజర్ ఆగుతుంది, నొక్కి పట్టుకుంటే లైట్లన్నీ వెలిగి బల్బులు బాగున్నాయో లేదో తెలుస్తుంది. ప్రతి సోమవారం ఆ బటన్ నొక్కి పట్టుకుని చూడటం తమ్ముడి పని. కింద సెక్యూరిటీ గార్డుకు బజర్ శబ్దం వినిపించి, ఎవరికి ఫోన్ చేయాలో కన్నడలో రాసి అతికించాం.

రేపు ఉగాది. టెక్నీషియన్ మధ్యాహ్నం బస్సుకు హిందూపురం వెళ్తున్నాడు. వెళ్లేముందు డ్రిల్లింగ్ మెషిన్ అడిగి తీసుకుని, ర్యాక్ తలుపు పైన, గాలి దారికి దూరంగా, ఒక చిన్న కొక్కెం బిగించాడు. "అక్టోబరుకు అక్కా" అన్నాడు. కొక్కెం పక్కనే మార్కర్‌తో రాశాడు: ఫిల్టర్ మార్చిన తేదీ, మార్చి 19.